మా ఇంట్లో రెండు నెయిల్ కట్టర్లు

రెండో కాన్పుకి మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో నాకు హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్) పాజిటివ్ వచ్చింది. అప్పటిదాకా ఒంట్లో ఏ నలతా లేదు. 'నీ పుట్టుకతోనే వచ్చి ఉంటుంది' అన్నారు డాక్టరుగారు. పుట్టిన ఏడాదిలోపు సోకితే వందలో తొంభై మంది పిల్లల్లో అది జీవితాంతం ఉండిపోతుందట. పెద్దయ్యాక సోకితే ఐదుగురిలో కూడా ఉండదట.

మీకూ పాజిటివ్ వస్తే ముందు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్ష చేయించుకోండి. మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే ఏడో నెల నుంచి వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మందు ఇస్తారు. నాకూ ఇచ్చారు.

అసలు ప్రమాదం కాన్పు సమయంలోనే. తల్లి రక్తం బిడ్డకు తగులుతుంది. అందుకే పుట్టిన 12 గంటల్లోపు టీకా, దాంతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల) ఇంజెక్షన్ పడాలి. నేను ఫైలు అట్టమీద ఎర్ర పెన్నుతో 'తల్లి హెప్ బి పాజిటివ్, బిడ్డకు రెండు ఇంజెక్షన్లు' అని రాసి పెట్టా. అర్ధరాత్రి డ్యూటీ మారినప్పుడు లోపలి కాగితాలు ఎవరు తిరగేస్తారు? చెరో తొడకి ఒకటి వేశాకే నాకు ఊపిరాడింది. టీకా మిగతా డోసులు వాయిదా వేయకండి.

ఈ రెండూ పడ్డాక పాలివ్వొచ్చు. చనుమొనలు పగలకుండా మాత్రం చూసుకోవాలి.

ఇంట్లో సంగతే ఎవరూ చెప్పరు. ఓరోజు గోళ్లు తీసుకుంటుంటే కాలివేలు కాస్త తెగింది. కట్టర్ తుడిచి సొరుగులో పడేశా. మూడ్రోజుల తర్వాత మా పెద్దాడు దాంతోనే గోళ్లు తీసుకుంటున్నాడు! కంటికి కనిపించనంత ఎండిన రక్తంలోనూ ఈ వైరస్ ఏడు రోజులు బతుకుతుంది. అదృష్టం, వాడికి టీకాలన్నీ పడ్డాయి. పరీక్ష చేయిస్తే నెగెటివ్. ఇప్పుడు నా కట్టర్, రేజర్, బ్రష్ అన్నీ వేరు. పిల్లల మోకాలి పుండ్లకీ, నా గాయాలకీ కట్టు ఉంటుంది. నేలమీద రక్తం పడితే గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడుస్తా.

ముద్దులకీ, ఒకే కంచంలో తినడానికీ భయం అక్కర్లేదు. (మా ఆయన కొన్నాళ్లు నా గ్లాసు పక్కన పెట్టారు. ఆయనకి పరీక్ష చేయించి, టీకా వేయించి, గ్లాసు మళ్లీ లోపల పెట్టా.)

బిడ్డకి తొమ్మిది నెలలు నిండాక రెండు పరీక్షలు అడగండి: వైరస్ ఉందా, టీకా వల్ల వచ్చే యాంటీబాడీలు 10 యూనిట్లు దాటాయా అని. మా పాపకి మొదటిది నెగెటివ్, రెండోది పది దాటి చాలానే ఉంది.