దివాలా కేసుల లెక్కలను చదవడం ఎలా?

దివాలా కేసులు పెరిగాయనో తగ్గాయనో వార్త కనబడినప్పుడు, ఆ అంకెలోకి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ముందుగా తేల్చుకోవాలి. మన దేశంలో కంపెనీలకు సంబంధించిన ప్రధాన ఆధారం దివాలా బోర్డు, అంటే ఐబీబీఐ, మూడు నెలలకొకసారి వెలువరించే నివేదిక. అందులో లెక్కకు వచ్చేవి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ స్వీకరించిన కేసులే గాని, దాఖలైన దరఖాస్తులన్నీ కావు. దరఖాస్తు పడగానే కంపెనీ భయపడి బాకీ తీర్చేసి రాజీ చేసుకుంటే, ఆ వ్యవహారం ఈ పట్టికలోకి రానే రాదు.

తరువాత, సంవత్సరాల వరుస పక్కన చట్టం మారిన తేదీలను రాసుకోండి. 2016 నాటి కొత్త దివాలా చట్టం (ఐబీసీ) కింద కంపెనీల దివాలా ప్రక్రియ ఆ ఏడాది డిసెంబరు 1న అమలులోకి వచ్చింది. కేసు వేయడానికి ఉండవలసిన కనీస బాకీని 2020 మార్చి 24న లక్ష రూపాయల నుండి కోటి రూపాయలకు పెంచారు. ఆ మరునాటి నుండి ఏడాది పాటు జరిగిన ఎగవేతలపై కేసు వేసే వీలునే ఆ చట్టంలోని సెక్షన్ 10ఏ తొలగించింది. కాబట్టి ఆ కాలంలో అంకె పడిపోవడాన్ని వ్యాపారాలు కోలుకున్నాయనడానికి రుజువుగా తీసుకోకూడదు. ముప్పై, నలభై లక్షలు రావలసిన చిన్న సరఫరాదారుకు ఈ దారి మూసుకుపోయిందన్న సంగతి ఏ గ్రాఫులోనూ కనబడదు. నా దృష్టిలో ఆ పట్టికలో అన్నిటికన్నా బాధాకరమైన లోటు అదే.

వసూలు శాతాన్ని చూసేటప్పుడు దేనితో భాగించారో గమనించాలి. 2024 మార్చి నాటికి పరిష్కార ప్రణాళికల ద్వారా, అంటే కంపెనీని మూయకుండా బాకీలు తేల్చే ఒప్పందాల ద్వారా, రుణదాతలకు దక్కినది, అంగీకరించిన క్లెయిములలో సుమారు 32 శాతం. అదే మొత్తాన్ని లిక్విడేషన్ విలువతో, అంటే కంపెనీని మూసి ఆస్తులు అమ్మితే వస్తుందని అంచనా వేసిన సొమ్ముతో పోలిస్తే 160 శాతం పైచిలుకు. రెండూ నిజమే, ఒకటి మాత్రమే చెబితే చిత్రం వంకరపోతుంది.

ఇక మనుషుల దివాలా వేరే సంగతి. కొత్త చట్టంలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే 2019 డిసెంబరు 1 నుండి వర్తిస్తోంది. తెలుగు జిల్లాలలో చీటీల నిర్వాహకుడో, వడ్డీలకు తాళలేని వ్యాపారో ‘ఐపీ పెట్టాడు’ అంటే, అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద సివిల్ కోర్టులో వేసిన పిటిషన్. ఐబీబీఐ పట్టికలో దానికి చోటు లేదు. మీ జిల్లా సంగతి తెలియాలంటే కోర్టు రికార్డులలో ఐపీ కేసులను ఏడాదివారీగా చూడండి. అయితే ఐపీ వేసినవారందరినీ కోర్టు దివాలాదారులుగా ప్రకటించదు గనుక, దాఖలైనవాటిని, తీర్పు వచ్చినవాటిని వేర్వేరు వరుసలలో రాసుకోండి.