ఎండలు ముదరకముందే హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ సంగతి చూసుకోండి

హమ్మింగ్‌బర్డ్‌లంటే అమెరికా ఖండాల్లో ఉండే, పూల మకరందం తాగే బుల్లి పిట్టలు. వాటి కోసం పెరట్లో ఫీడర్, అంటే పంచదార నీళ్లు పోసే పాత్ర, వేలాడదీసేవాళ్లు కొలతలు అడిగినంత శ్రద్ధగా కడగడం గురించి అడగరు. కొలతదేముంది, ఒక కప్పు తెల్ల పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు. పూల మకరందంలోని తీపికి దగ్గరగా ఉంటుంది. బాగా కరిగించి, పూర్తిగా చల్లారాకే పోయండి. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం దాకా పనికొస్తుంది.

తేనె సహజం కదా అని పోసేవాళ్లున్నారు. నీళ్లు కలిస్తే తేనె ఇట్టే పులుస్తుంది, బూజు పడుతుంది. బ్రౌన్ షుగర్, ముడి చక్కెర కూడా వద్దు. వాటిలోని ఇనుము ఈ పిట్టలకు చేటు. కేలరీల్లేని తీపి మాత్రలైతే మరీ అన్యాయం. సెకనుకు పదుల సార్లు రెక్కలాడించే ప్రాణికి కావలసింది శక్తి, ఉత్త రుచి కాదు. ఎర్ర రంగు కలపడం దేనికో నాకైతే అర్థం కాదు. ఫీడర్ మీద ఎర్ర పువ్వు బొమ్మ ఉంటే చాలు, అవే వస్తాయి.

అసలు ప్రమాదం ఎండతోనే. చల్లటి రోజుల్లో నాలుగైదు రోజులు ఆగే నీళ్లు వేసవిలో రెండు రోజులకే పాడవుతాయి. 32 డిగ్రీలు దాటితే రోజూ మార్చాల్సిందే. ఫీడర్‌ని వెలుతురుకు ఎత్తి చూడండి: నీళ్లు మసకబారినా, తెల్లటి పోగులు తేలుతున్నా, పిట్ట ముక్కు పెట్టే రంధ్రం అంచున నల్లటి చుక్కలు కనిపించినా పారబోయండి. పైన ఇంకాస్త పోసి సరిపెట్టొద్దు. మార్చిన ప్రతిసారీ వేడినీళ్లతో, సన్నటి బ్రష్‌తో ఆ రంధ్రాల లోపలిదాకా తోమండి. జిగట వదలకపోతే వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి, వాసన పోయేదాకా కడగండి. పిట్టలు తాగేది కొంచెమే కాబట్టి సగం నింపితే పారబోత తగ్గుతుంది.

నీడలో కట్టండి. కిటికీకైతే ఒక మీటరు లోపలో, లేదంటే పది మీటర్ల అవతలో ఉండాలి. మధ్యలో ఉంటే వేగంగా వచ్చి అద్దాన్ని గుద్దుకుంటాయి. చీమలు పట్టకుండా తీగకు నూనె రాయకండి, ఈకలకు అంటితే ఎగరలేవు. ఫీడర్ పైన నీళ్ల గిన్నెలాంటి అడ్డు కడితే చీమలు దాటలేవు.

ఊరెళ్తుంటే, మార్చేవాళ్లు లేకపోతే, కడిగి లోపల పెట్టేయండి. పూలూ పురుగులూ ఉంటాయి, వాటి తిండి అవి వెతుక్కుంటాయి.