మార్ట్‌లో మంచినూనె కొనే ముందు ప్యాకెట్ తిప్పి చూడండి

నెల మొదటివారం నల్లగొండలో సరుకులకు పోయేవాళ్లకు ఒక మాట. డిస్కౌంట్ మార్ట్‌లో పెద్ద అక్షరాల్లో రాసిన ఆఫర్ రేటు చూసి మంచినూనె ప్యాకెట్ బుట్టలో వెయ్యకండి. వెనక్కి తిప్పి గ్రాములు చూడండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు 850, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నయి, పక్కపక్కన పెడితే తేడా తెల్వది.

910 గ్రాములది 150 రూపాయలు, 750 గ్రాములది 132 అనుకోండి. రెండోది 18 రూపాయలు తక్కువని చెయ్యి అటే పోతది. ఫోన్‌లో భాగించి చూస్తే మొదటిది గ్రాముకు 16.5 పైసలు, రెండోది 17.6 పైసలు! ప్యాకెట్ మీద గ్రాము ధర అచ్చువేసే ఉంటది కానీ అది ఎంఆర్‌పీ లెక్క. ఆఫర్ ధరకు మనమే లెక్క కట్టుకోవాలె. సబ్బుల పొడి, టీ పొడికీ ఇదే పని చెయ్యండి.

బియ్యం నేను మార్ట్‌లో కొనను. మిర్యాలగూడ మిల్లుల బియ్యం మన దగ్గర్నే దొరుకుతుంటే, గింజ చేతిలో పోసుకొని చూసి తెచ్చుకోవడమే నాకు ఇష్టం.

ఇంకొకటి, కౌంటర్ దాటకముందే బిల్లు చదవండి. ఒకసారి నాకు కందిపప్పు అరల మీద ఒక రేటు, బిల్లులో కిలోకు 14 రూపాయలు ఎక్కువ పడ్డది. అరల మీది చీటీ ఫోటో చూపిస్తే పైసలు వాపస్ ఇచ్చిన్రు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు.