కడప పక్కన అడవి: కొండనీళ్లు నిలిపే పని ఎలా చేయాలి

పాలకొండల నుంచి దిగే బుగ్గవంక కడప నడుమ నుంచి పోయి పెన్నలో కలుస్తుంది. కొండమీద పొదలు, గడ్డి ఉంటే వాననీరు నిదానంగా ఇంకి బావులకు, బోర్లకు చేరుతుంది. అవి కాలిపోతే అదే నీరు మట్టిని తోసుకుంటూ ఒక్కపూటలో వంకలోకి దిగుతుంది. రక్షిత అడవి వల్ల పట్నానికి మొదటి లాభం నీళ్లే. పర్యాటకం తర్వాతి మాట.

ముందు అడవి హద్దు తేల్చుకోండి. పంచాయతీ తీర్మానం చేసి, సర్వేయరును, అటవీ బీట్ అధికారిని ఒకేరోజు పిలిపించి హద్దురాళ్లు చూపించుకోవాలి. అభయారణ్యంలో అనుమతి లేకుండా గడ్డపార దించితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. మన పని హద్దుకు ఇవతలి గుట్టవాలు మీద.

అక్కడ వాలుకు అడ్డంగా కందకాలు తీయాలి. ఒక్కోటి 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. నిండితే వెయ్యి లీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరాకు దాదాపు 80 వేల లీటర్లు. అందులో పావు వంతు పారుతుందనుకున్నా ఎకరాకు 20 కందకాలు కావాలి. మట్టం చూడ్డానికి లోపలి నీళ్లు కనిపించే ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి, రెండు కొసలూ కొలబద్దలకు కట్టండి. రెండువైపులా ఒకే అంకె వచ్చిన చోట సున్నంతో గీత గీయండి. ట్యూబులో గాలిబుడగ ఉంటే మట్టం తప్పుతుంది. మట్టం తప్పిన కందకంలో నీరంతా ఒక మూలకు చేరి గట్టు తెగుతుంది, ఆ తెగిన చోటే కొత్త వాగు మొదలవుతుంది. పై వరుస ముందు తీయండి. కింద మొదలుపెడితే పై నీళ్లన్నీ దానిమీదే పడి పూడిపోతుంది. కందకానికీ కందకానికీ మీటరు వదిలి, కింది వరుసది పై వరుస ఖాళీకి ఎదురుగా రానివ్వండి. తవ్విన మట్టిని దిగువ వైపు, అంచుకు అడుగు దూరంలో పోయాలి. మరీ అంచున పోస్తే తొలివానకే తిరిగి లోపల పడుతుంది. పని మే ఆఖరుకు ముగించి, తొలకరికి గట్టుమీద సీతాఫలం గింజలు, స్టైలో గడ్డి విత్తనం చల్లండి.

లంకమల కొండల వైపు ఊళ్లవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. పొదనేలను బంజరు అనుకుని చెట్లు దట్టంగా నాటవద్దు. 1900 తర్వాత జాడలేని కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో మళ్లీ దొరికింది. పొదల మధ్య వట్టి నేల ఉంటేనే అది రాత్రిపూట తిరిగి పురుగులు ఏరుకుంటుంది. చెట్లు కమ్ముకున్నా, పొదలు నరికేసినా ఆ పిట్టకు చోటుండదు. అలాంటి చోట కందకాలు కూడా వద్దు.

నిప్పు అంటుకోకుండా, ఎండిన బోదగడ్డిని సంక్రాంతి లోపే కోసి ఇంటికప్పులకు అమ్ముకోండి. హద్దు వెంట 3 మీటర్ల పట్టీ గీకి శుభ్రం చేస్తే బాటపక్క నిప్పు చాలావరకు అక్కడే ఆగుతుంది.

ఆదాయానికి చట్టంలోనే దారి ఉంది. 2002 జీవ వైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయి యాజమాన్య కమిటీ, తన పరిధిలోని మూలికలు, కాయలు వ్యాపారానికి సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేయవచ్చు. దానికి ముందు ఊరి జీవ వైవిధ్య రిజిస్టరు రాసుకోవాలి. ఏ కాయ ఏ గుట్టమీద, ఏ నెలలో వస్తుందో మేకల కాపరులను, మూలికలు తెలిసిన ముసలమ్మలను కూర్చోబెట్టుకుని రాస్తేనే అది పనికొస్తుంది. ఆ డబ్బుకు విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, పాస్‌బుక్కు ప్రతి గ్రామసభలో చదివి వినిపించండి. అందులో మొదటి ఖర్చు కందకాల పూడిక తీతకు.