నూతినీళ్ళు పెట్రోలు కంపు కొడితే ముందు మోటారు ఆపండి

పూసపాటిరేగ దగ్గర హైవే పక్కన ఓ పెట్రోలు బంకులో ఇరవై రెండేళ్ళు డిప్ రాడ్ (ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కొలిచే కడ్డీ) పట్టుకున్నవాణ్ణి. ఓ సాయంత్రం వెనక వీధి పిన్ని వచ్చి, "బాబూ, నూతినీళ్ళు పెట్రోలు కంపు కొడతన్నాయి" అంది. వెంటనే మోటారు దింపి నుయ్యి తోడించేశాం. తర్వాత బ్లీచింగ్ చల్లాం. రెండూ తప్పే. నుయ్యి తోడితే చుట్టూ ఉన్న నీరు అటే లాగుతుంది, దాని వెంట పెట్రోలూ వస్తుంది. నాలుగో రోజుకి కంపు ఇంకా పెరిగింది. బ్లీచింగ్ క్రిములకి మందు గానీ పెట్రోలుకి కాదు. ఆవిరి నిండిన నూతి దగ్గర స్విచ్చి వేశాం కూడా. నిప్పురవ్వ లేవకపోవడం పైడితల్లమ్మ చలవ.

కాబట్టి మోటారు ఆపండి. బీడీలు, పొయ్యిలు దూరం పెట్టండి. ఎవర్నీ నూతిలోకి దించొద్దు. ఆ నీళ్ళు కాచి తాగుదామనుకోవద్దు: కాస్తే అందులోని బెంజీన్ వంటింటి గాలిలో కలుస్తుంది. బెంజీన్ క్యాన్సర్ తెచ్చే సరుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. దాని వాసన నీళ్ళలో మన ముక్కుకి తెలిసేసరికి అంతకు వందల రెట్లు దాటిపోయి ఉంటుంది. అందుకే కంపు తగ్గిందని తాగడం మొదలుపెట్టకూడదు.

బంకులో నేల కిందున్న ట్యాంకు కారుతోందేమో పట్టుకోవాలంటే ముందు చూడాల్సింది బంకు రిజిస్టరు. పొద్దున్నే డిప్ తీసి, నిన్నటి స్టాకులో అమ్మకం తీసేసి, వచ్చిన లోడు కలిపి చూడాలి. ఒక్కరోజు తేడాకి టెన్షన్ పడక్కర్లేదు, ఎండకీ తేడా వస్తుంది. నెల పొడుగునా తరుగు ఒకే వైపు పోతుంటే అనుమానించాలి. రాడ్ అడుగున వాటర్ పేస్టు (నీళ్ళు తగిలితే రంగు మారేది) రాసి నీళ్ళూ చూడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత పేస్టు సరిగా పనిచేయదు, దానికి తగ్గది వాడాలి. మా రిజిస్టరులో శ్రావణంలో ట్యాంకులోకి నీళ్ళు, చైత్రంలో తరుగు. వానలకి నీటిమట్టం ట్యాంకు కన్నా పైకొస్తే చిల్లులోంచి నీళ్ళు లోపలికొస్తాయి. ఎండాకాలం మట్టం దిగితే అదే చిల్లులోంచి పెట్రోలు బయటికి పోతుంది. రెండూ రాసింది నేనే. కలిపి చదవలేదు, అంతే. ట్యాంకులే కాదు, పైపు జాయింట్లకీ ప్రెషర్ టెస్టు చేయించాలి. అనుమానం వచ్చిన రోజే ఆ ట్యాంకు ఖాళీ చేసి, ఆయిల్ కంపెనీకీ, పేలుడు పదార్థాల లైసెన్సు శాఖకీ, కాలుష్య నియంత్రణ మండలికీ కాగితం పెట్టాలి.

తర్వాత పరిశీలన బోర్లు, అంటే నేల కింద నీరూ పెట్రోలూ ఎలా ఉన్నాయో చూడ్డానికి వేసేవి. మూడుకి తక్కువైతే నీరు ఎటు నడుస్తుందో తేలదు. మూడూ ఒకే వరుసలో కాకుండా ముక్కోణంగా వేయించండి. గొట్టానికి చీలికలు వానాకాలం మట్టం పై నుంచి ఎండాకాలం మట్టం కింద దాకా ఉండాలి. పెట్రోలు నీటి మీద తేలుతుంది కాబట్టి చీలికలు మరీ లోతున పెడితే అసలు సరుకే కనపడదు. మేస్త్రీల నీళ్ళగొట్టంతో మూడింటి తలలూ లెవెల్ చూసుకుని, అక్కణ్ణించి నీళ్ళ లోతు కొలవండి. మట్టం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న వైపుకే నడక. నీరంతా చంపావతి నది వైపే పోతుందనుకున్నాం. తీరా చూస్తే ఓ కొబ్బరితోట బోరు తన వైపు లాక్కుంటోంది. ఇంకో మాట: గొట్టంలో జానెడు పెట్రోలు తేలిందంటే నేలలోనూ అంతే మందం ఉందని కాదు, గొట్టంలో ఎక్కువగా కనిపిస్తుంది.

శాంపిల్ కూల్‌డ్రింకు సీసాలో పంపకండి. ల్యాబు వాళ్ళు యాసిడ్ చుక్కలేసి ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో, ఒక్క బుడగ కూడా లేకుండా నింపి, ఐసులో పెట్టి, 14 రోజుల లోపు పరీక్ష అయ్యేలా పంపాలి. బెంజీన్, టొలీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ నాలుగూ చూడమని రాసివ్వండి. మామూలు నీళ్ళ పరీక్షలో ఇవి రావు.

శుభ్రం చేయడం ఇంజనీర్ల పని, కానీ వాళ్ళనేది మనకి అర్థం కావాలి. కారడం ఆపి, నానిన మట్టి తీసి, పైన తేలేది తోడాక, సముద్రం వైపు ఇసుక నేలల్లో నీటి అడుగున గాలి ఊది, లేచిన ఆవిరిని పైనుంచి పీల్చేస్తారు. మెట్ట వైపు కొండలైటు రాయి మాగి బంకమట్టి అయిన చోట గాలి సరిగా చొరదు. అక్కడ నీరు తోడి బొగ్గు ఫిల్టర్లలోంచి పంపడం, మిగిలింది నేలలోని సూక్ష్మజీవులకి వదిలి కొలుస్తూ ఉండడం. సూక్ష్మజీవులు పెట్రోలు తింటాయి గానీ ఇథనాల్ ఉంటే ముందు అదే తింటాయి, బెంజీన్ వెనకబడుతుంది.

కొలత మూడు నెలలకోసారి. వానలకి ముందూ తర్వాతా తప్పనిసరి, ఎందుకంటే ఎండాకాలం మట్టికి అంటుకున్న పెట్రోలు నీళ్ళు పైకి లేచినప్పుడు మళ్ళీ కరుగుతుంది. రెండు మంచి రిపోర్టులు చూసి మా వీధిలో నూతి మూత తీశారు. తొలకరి తర్వాత మూడో రిపోర్టు వచ్చాక మళ్ళీ పెట్టారు.