పార్లమెంటు పాఠాలు – 4: లోక్‌సభలో ప్రభుత్వ బలం లెక్కకట్టడం

కిందటి పాఠంలో రెండు సభల్లో ఎవరెవరు కూర్చుంటారో చూశాం. ఈసారి ప్రభుత్వం నిలవడానికి ఎన్ని ఓట్లు కావాలో లెక్కకడదాం.

రాజ్యాంగం 75(3) ప్రకారం మంత్రిమండలి ఉమ్మడిగా జవాబు చెప్పాల్సింది లోక్‌సభకే. కాబట్టి రాజ్యసభ సభ్యులు ఈ లెక్కలోకి రారు. రాజ్యసభ నుంచి వచ్చిన మంత్రి లోక్‌సభలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయలేరు. ప్రధానికీ ఇదే వర్తిస్తుంది. ఏ సభలోనూ సభ్యులు కానివారు కూడా మంత్రి కావచ్చు గానీ ఆరు నెలల్లోగా సభ్యత్వం పొందాలి. 1991 జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచింది అందుకే.

మంత్రుల సంఖ్య లోక్‌సభ సంఖ్యలో 15 శాతం దాటకూడదు. అంటే 543కి ప్రధానితో కలిపి 81.

అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఆ రోజు ఉదయం 10 గంటల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సభలో కనీసం 50 మంది లేచి నిలబడితేనే అనుమతి దక్కుతుంది. ఆపై పది రోజుల్లోగా చర్చ పెట్టాలి.

ఎక్కువమంది పొరబడేది ఓట్ల దగ్గరే. 543లో సగం దాటితే 272 గనుక, అంతమంది లేకుంటే ప్రభుత్వం పడిపోతుందనుకుంటారు. నిజానికి చూడాల్సింది హాజరై ఓటేసినవారిలో మెజారిటీని. మొత్తం సంఖ్యలోంచి ముందు ఖాళీ సీట్లు, తర్వాత స్పీకర్, ఆపై రానివారు, తటస్థంగా ఉన్నవారు, వాకౌట్ చేసినవారిని తీసేయండి. మిగిలినవారిలో సగం కంటే ఒక్కటి ఎక్కువైనా చాలు. వాకౌట్ చేసిన పార్టీ ఎవరికీ ఓటేయకుండానే ఈ గీతను కిందికి దించుతుంది. పత్రికల్లో బలాబలాల పట్టికలు చదివేటప్పుడు ఇది మరవకండి.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఏ పక్షానికీ 272 లేదు, అయినా ప్రభుత్వం పడిపోయింది. అప్పటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి లెక్కలో లేరు. స్పీకర్ మొదట ఓటేయరు, ఇరువైపులా సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు.

అభ్యాసం: 543 సీట్లలో 5 ఖాళీ. 11 మంది రాలేదు, 14 మంది వాకౌట్ చేశారు. స్పీకర్‌నూ తీసేసి, అవిశ్వాస తీర్మానం నెగ్గడానికి ఎన్ని ఓట్లు కావాలో తేల్చండి. 256–256 వస్తే ఏమవుతుందో కూడా రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి.