పెద్ద ఫోటో కలెక్షన్‌కు ఇంటి బయట బ్యాకప్: తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలి?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ల కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటి ఇంట్లో కంప్యూటర్ టేబుల్ మీద, బ్యాకప్ హార్డ్ డిస్క్ కింది సొరుగులో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంట్లో రెండు కాపీలున్నా, రెండూ ఒకే గదిలో ఉన్నంతకాలం వరదకు, నిప్పుకు, దొంగకు అవి ఒక్క కాపీతో సమానం. పెళ్లి ఫోటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు, స్కాన్ చేయించిన తాతయ్య ఫోటోలు మళ్లీ తీసేవి కావు. అందుకే ఒక కాపీ తప్పకుండా ఇంటి బయట ఉండాలి.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేదీ ఇదే. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, అందులో ఒకటి వేరే చోట. మొదటి రెండూ చాలామంది చేస్తారు. మూడోదాని దగ్గరే ఖర్చు ఎక్కువవుతుందని భయపడి ఆగిపోతారు. సరిగ్గా లెక్క వేసుకుంటే అంత ఖర్చేమీ కాదు.

1. ముందు ఎంత ఉందో చూడండి

ఫోటోలన్నీ ఒకే పెద్ద ఫోల్డర్ కిందకు చేర్చి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ బొమ్మలు, రెండుసార్లు కాపీ అయినవి తీసేయండి. తర్వాత వీడియోల సైజు విడిగా చూడండి. చాలా ఇళ్లలో సగానికి పైగా చోటు వాటిదే.

ఇక్కడే ఇంకో పని చేయాలి. పోతే తట్టుకోలేని వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టండి. మొత్తం 2 టీబీ (ఒక టీబీ అంటే సుమారు వెయ్యి జీబీ) ఉన్నా, ఇలాంటివి చాలామందికి 100 జీబీ లోపే తేలతాయి. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

2. మీ నెట్ ఎంత మోయగలదో లెక్కేయండి

ఇంటి బయట కాపీకి ఒక దారి క్లౌడ్, అంటే నెట్ ద్వారా ఏదో కంపెనీ సర్వర్లలో దాచడం. దానికి ముందు స్పీడ్ టెస్ట్ పెట్టి అప్‌లోడ్ అంకె, అంటే మీ దగ్గర నుంచి బయటకు పంపే వేగం చూడండి. డౌన్‌లోడ్ అంకెతో ఇక్కడ పనిలేదు. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 2 టీబీ ఎక్కడానికి, ఎక్కడా ఆగకుండా పనిచేసినా, నాలుగున్నర రోజులు పడుతుంది. 10 ఎంబీపీఎస్ అయితే పద్దెనిమిది రోజులు. మధ్యలో కరెంటు పోవడం, నెట్ ఆగడం కూడా కలుపుకోవాలి. మన ఫైబర్ ప్లాన్లు అన్‌లిమిటెడ్ అంటాయి గానీ, చాలావాటిలో నెలకు 3,300 జీబీ దాటితే స్పీడ్ పడిపోతుంది. కలెక్షన్ పెద్దదైతే రెండు నెలలకు పంచి ఎక్కించండి.

3. నెలవారీ ధర చూసి మోసపోకండి

క్లౌడ్ సర్వీస్ ఎంచుకునేటప్పుడు దాచడానికి ఎంత అని అందరూ అడుగుతారు. వెనక్కి తెచ్చుకోవడానికి ఎంత, ఎన్ని గంటలు అని కూడా అడగాలి.

అరుదుగా తెరిచే ఫైళ్ల కోసం అమెజాన్ ఇచ్చే క్లౌడ్ స్టోరేజ్, ఎస్3 గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌నే తీసుకోండి. అమెరికాలోని సర్వర్లలో దాచితే టీబీకి నెలకు సుమారు ఒక్క డాలరు. ఇంత చవక ఇంకెక్కడా దొరకదు అనిపిస్తుంది. కానీ ఫైల్ అడిగాక చేతికి రావడానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది. 180 రోజుల్లోపు తీసేసినా ఆ 180 రోజుల డబ్బు కట్టాల్సిందే. నెట్ ద్వారా బయటకు తెచ్చుకుంటే మొదటి 100 జీబీ దాటాక జీబీకి 9 సెంట్లు. అంటే 2 టీబీ మొత్తం దించుకుంటే 170 డాలర్ల పైమాటే. ఎక్కించేటప్పుడు ఒక్కో ఫైలుకూ చిన్న చార్జీ ఉంటుంది కాబట్టి లక్ష ఫోటోలను విడివిడిగా పంపకుండా ఒక్కో ఫంక్షన్‌కు ఒక జిప్ చేసి పంపాలి. ఇల్లు మునిగితే తప్ప ముట్టుకోని కాపీకి ఇది బాగుంటుంది. కంప్యూటర్ సెట్టింగులతో అలవాటు లేనివాళ్లకు మాత్రం నేను చెప్పను.

మామూలు వాడకానికి గూగుల్ వన్ తేలిక. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఉచితం 15 జీబీయే. అదీ జీమెయిల్‌తో కలిపి. మన దేశంలో 100 జీబీ నెలకు 130 రూపాయలు, 2 టీబీ 650 రూపాయల చొప్పున ఉంటూ వచ్చాయి. కట్టే ముందు ఆ రోజు ధర చూసుకోండి. అయితే ఫోన్ నుంచి సింక్ అయ్యే, అంటే ఫోన్‌లో ఉన్నట్టే క్లౌడ్‌లోనూ ఉంచే ఏ సర్వీసులోనైనా ఒక ప్రమాదం ఉంది. ఫోన్‌లో చోటు కోసం ఆ యాప్‌లో ఫోటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా పోతుంది. గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో 60 రోజులు, ఐక్లౌడ్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత అంతే. కాబట్టి సింక్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. ఫోటోలు కంప్యూటర్ నుంచి గూగుల్ డ్రైవ్‌లోకి విడిగా ఎక్కించి, ఆ ఫోల్డర్ జోలికి వెళ్లకండి.

ఐదారు టీబీలు దాటిన పెళ్లి ఫోటోగ్రాఫర్లకు బ్యాక్‌బ్లేజ్ పర్సనల్ లాంటి క్లౌడ్ బ్యాకప్ సర్వీసులు పనికొస్తాయి. 2023 చివర్లో మార్చిన రేటు ప్రకారం ఏడాదికి 99 డాలర్లకు ఒక కంప్యూటర్, దానికి తగిలించిన యూఎస్‌బీ డిస్కులు ఎంత ఉన్నా తీసుకుంటుంది. రౌటర్ ద్వారా కలిపే నెట్‌వర్క్ డ్రైవ్‌లను మాత్రం తీసుకోదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ప్రైమ్ ఉంటే అమెజాన్ ఫోటోస్‌లో ఫోటోలకు పరిమితి లేదు, ఒరిజినల్ సైజులోనే ఉంటాయి. వీడియోలకు మాత్రం 5 జీబీయే.

4. 2 టీబీ దాటితే: రెండు డిస్కులు, ఇంకో ఊరు

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 2 టీబీ లోపు ఉండి ఇంట్లో మంచి ఫైబర్ ఉంటే క్లౌడ్ చాలు. అది దాటితే పై ప్లాన్‌కు నెల బిల్లు ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది. అప్పుడు మనకు నప్పేది హార్డ్ డిస్కులను ఇంకో ఊళ్లో ఉంచి మార్చుకోవడం.

ఒకే సైజు పోర్టబుల్ హార్డ్ డిస్కులు రెండు కొనండి. 4 టీబీవి అయితే ఐదారేళ్లకు సరిపోతాయి. ఒకదాని మీద "ఎ", ఇంకోదాని మీద "బి" అని స్టిక్కర్ వేసి, చివరిసారి కాపీ చేసిన తేదీ రాయండి. "ఎ" అక్కయ్య వాళ్లింట్లోనో అమ్మానాన్నల దగ్గరో ఉంటుంది, "బి" మీ దగ్గర. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కొత్త ఫోటోలు ఎక్కించిన "బి" అక్కడ పెట్టి "ఎ" తెచ్చుకోండి. దసరాకు మళ్లీ మార్చండి. ఎలాగూ వెళ్లే ప్రయాణమే కాబట్టి విడిగా ఖర్చు లేదు. ఆ మధ్యలో తీసిన కొత్త ఫోటోలకు 100 జీబీ క్లౌడ్ ప్లాన్ కాపలా.

ఆ ఇల్లు మీ కాలనీలోనే ఉంటే లాభం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మొత్తాన్నీ ఒకేసారి అతలాకుతలం చేసింది. మీది విశాఖ అయితే డిస్క్ హైదరాబాద్‌లో ఉండాలి, కాకినాడలో కాదు.

బ్యాంకు లాకర్ ఉంటే అదీ మంచిదే. కానీ 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం లాంటి వాటికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. వరద, భూకంపం లాంటి వాటికి సాధారణంగా బాధ్యత ఉండదు. లాకర్ గది సెల్లార్‌లో ఉందేమో చూసుకోండి.

నెలల తరబడి కరెంటు లేకుండా పక్కన పెట్టడానికి ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) కొనకండి. అలా ఉంచితే అందులో డేటా చెరిగిపోయే అవకాశం ఉంది, మామూలు హార్డ్ డిస్కే నయం. కోస్తా తేమకు, గాలి చొరబడని డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మాత్రం మరవద్దు. విండోస్ ప్రో ఉంటే అందులోని బిట్‌లాకర్‌తో, లేకపోతే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ ప్రోగ్రామ్‌తో తాళం వేయొచ్చు. మీ ఇంటి ఫోటోలున్న డిస్క్ బస్సులో పోయినా ఎవరూ తెరవలేకుండా ఉండాలి.

5. కాపీ చేసి, తెరిచి చూడండి

కట్ చేయకండి, కాపీ చేయండి. ఫైళ్లు కాపీ చేసే టెరాకాపీ ప్రోగ్రామ్‌లో వెరిఫై ఆప్షన్ పెడితే ప్రతి ఫైలూ సరిగ్గా వెళ్లిందో లేదో సరిచూస్తుంది. రెండు ఫోల్డర్లను పోల్చి చూసే ఫ్రీఫైల్‌సింక్ ప్రోగ్రామ్‌తో కొత్తవి మాత్రమే పంపవచ్చు. అందులో మిర్రర్ మోడ్ పెడితే మీరు పొరపాటున తీసేసినవి బ్యాకప్‌లోనూ పోతాయి కాబట్టి అప్‌డేట్ మోడ్ వాడండి.

ఆ తర్వాత ఏడాదికో ఫోల్డర్ చొప్పున ఎంచుకుని, డిస్క్ మీద నుంచే నాలుగైదు ఫోటోలు, ఒక వీడియో తెరవండి. థంబ్‌నెయిల్ చూసి వదిలేయకండి. చిన్న బొమ్మ బాగానే కనిపించి, తెరిస్తే కింది సగం బూడిద రంగులో వచ్చే ఫైళ్లు ఉంటాయి. వీడియోను చివరిదాకా జరిపి చూడండి. క్లౌడ్‌లోంచి కూడా ఒక ఫోల్డర్ మొత్తం వేరే కంప్యూటర్‌లోకి దించి చూడండి. ఈ పని డిస్కులు మార్చిన ప్రతిసారీ చేయాలి.

చివరిగా, డిస్క్ ఎవరింట్లో ఉంది, పాస్‌వర్డ్ ఏమిటి, క్లౌడ్ ఏ మెయిల్ మీద ఉందో ఒక కాగితం మీద రాసి ఇంటి డాక్యుమెంట్లతో పెట్టండి. ఆ కాగితాన్ని మాత్రం డిస్క్ ఉన్న డబ్బాలో పెట్టకండి. గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సెట్టింగ్ ఉంది. అందులో భార్యదో, భర్తదో, పిల్లలదో మెయిల్ ఇస్తే మీ ఖాతా ఎక్కువకాలం వాడకుండా ఉండిపోయినప్పుడు వాళ్లకు సమాచారం వెళ్తుంది, ఫోటోలు తీసుకునే వీలుంటుంది.